సెయిజున్ పడిన చోటు

ఒసాకా, తైషో పేట
1960 నవంబరు

పెద్దింటి అక్కకి,

చిన్నకోడలు గోజే రాస్తున్నాను. పందులు ఈనాయా? నడుం నొప్పి ఎలా ఉంది? ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. మన దీవిలో ఈ నెలలో ఇంకా పల్చటి బట్టలే కట్టుకుంటారని చెబితే నోబు నమ్మడు. వాడికి ఊరు తెలియదుగా. యుద్ధం దీవికి రాకముందు వాణ్ణి చంకనేసుకుని ఓడెక్కిన నాటికి వాడికింకా పళ్ళు కూడా రాలేదు.

నోబు గురించే ఈ ఉత్తరం. వేసవి నుంచి వాడికి ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతున్నాయి. పనిలో రెండుసార్లు పడిపోతే ఆ పని కాస్తా పోయింది. డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఈ పేటలో మన దీవి నుంచి వచ్చిన సోదె అవ్వ ఒకావిడ ఉంది. ఆవిడ వాడి చెయ్యి పట్టుకోగానే, "వీళ్ళ నాన్న ఇంకా ఇంటికి రాలేదమ్మా, పడిన చోటే కూర్చుని ఉన్నాడు, ఎవరూ పిలవలేదు," అంది. నేనేమీ చెప్పకుండానే అంది అక్కా.

నిజమేగా. సెయిజున్‌ని ఎవరం పిలిచాం? నువ్వు రాసిన ఒక్క ముక్కే నాకు తెలిసింది, యుద్ధంలో అమెరికా ఓడల నుంచి వేసిన గుండు తగిలి పోయాడని. పడిన చోటికి వెళ్ళి, ఆత్మని పేరు పెట్టి పిలిచి, అక్కడి మూడు రాళ్ళు తెచ్చి సమాధిలో పెట్టాలి కదా. చోటు సరిగ్గా తెలియాలని, పక్క చోటు నుంచి తెచ్చిన రాళ్ళు ఉత్త రాళ్ళేనని అవ్వ గట్టిగా చెప్పింది.

నేను వద్దామంటే దీవిని ఏలుతున్న అమెరికా వాళ్ళు అనుమతి కాగితం ఇవ్వడం లేదు. నువ్వే చెయ్యాలి. ఎక్కడ పడ్డాడో చెప్పు అక్కా. అప్పుడు అక్కడ ఉన్నదానివి నువ్వే.

నీ తోడికోడలు
గోజే


ఉయెబరు
1960 డిసెంబరు

గోజేకి,

పందులు ఈనాయి. నడుం నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు.

సోదె అవ్వకి ఎంత ముట్టజెప్పావో రాయలేదు. దీవి వదిలి ఒసాకా దాకా వెళ్ళిన అవ్వకి దీవిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో కనిపిస్తోందన్నమాట. ఆవిడ కళ్ళు నాకుంటే పోయిన కోళ్ళు వెతుక్కునేదాన్ని.

నోబుకి పంది కాలేయం ఉడికించి ఆ రసం పట్టించు. రక్తం పడుతుంది.

చోటు అడిగావు. యుద్ధం చివరి ఆ జూన్‌లో చోట్లు ఎక్కడ మిగిలాయే? కొండ ఆకారమే మారిపోయింది. మన ఊరి చెరకు పొలాలు దుక్కి దున్నినట్టు అయిపోయాయి, దున్నింది గుండ్లు. ఆ మరుసటేడు చిలగడదుంపలు తలకాయలంత ఊరాయి. ఎందుకు ఊరాయో అందరికీ తెలుసు, అయినా ఆకలికి తిన్నాం. ఎవరు ఎక్కడ పడ్డారో చెప్పగలిగితే ఈ ఊళ్ళో సగం ఇళ్ళకి ఈ బాధే ఉండేది కాదు.

బావి దారిలో మూడు రాళ్ళు ఏరి పెడతాను. సెయిజున్ మంచివాడు, సర్దుకుంటాడు. నువ్వు నోబుని చూసుకో.

నాబె


ఒసాకా, తైషో పేట
1961 ఫిబ్రవరి

అక్కకి,

రాళ్ళు ఏరేశావా? ఏరితే అవి అక్కడే పారెయ్. దేవుడే ఒక దారి చూపించాడు.

నోబుకి పని దొరికింది. గిన్నెలకి పింగాణీ పూత వేసే చిన్న కార్ఖానా. యజమాని పేరు కురియామా గారు. మాట నెమ్మది, మనిషి మర్యాదస్తుడు. ఎక్కడి వాడివని నోబుని అడిగాడట. వీడు మామూలుగా క్యూషూ అని అబద్ధం చెబుతాడు, ఆ రోజు ఎందుకో నిజం చెప్పేశాడు. పని పోయినట్టే అనుకున్నాడట. ఆయన మాత్రం చేతిలో గిన్నె కింద పెట్టి, "దక్షిణాన ఏ ఊరు?" అన్నాడట. ఉయెబరు అనగానే ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

అక్కా, యుద్ధంలో ఆయన లెఫ్టినెంటు. వెనక్కి తగ్గుతూ మన ఊరికి వచ్చి, గదంత ఉండే మన వంశ సమాధిలోనే తలదాచుకున్నాడు. ముందు వాకిట్లో రాతి సింహం, గుమ్మం పక్కన ఉసిరి చెట్టంత పొద ఉన్న తాబేలు వీపు సమాధి అన్నాడు. మనదే కదా? "ఆ ఇంటివాళ్ళు సమాధిని మాకు ఇచ్చారు. అలాంటి మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు," అని నా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

సెయిజున్ కూడా గుర్తున్నాడట. నేనే అడిగాను. "పొడుగాటి మనిషి కదూ, మా కుర్రాళ్ళ కోసం బావి నుంచి నీళ్ళ బిందెలు మోసుకుంటూ పరిగెత్తేవాడు. అలా వస్తుండగానే గుండు పడింది. క్షణంలో పోయాడు, బాధ పడలేదు," అన్నాడు. ఇన్నేళ్ళయింది కదా, చిన్న చిన్నవి తారుమారవుతాయి. అయినా పక్కన ఉన్న మనిషి చెప్పడం వేరు. ఆ మాట విన్నాక నాకు హాయిగా ఏడుపొచ్చింది.

వంటకి నన్ను వాళ్ళింట్లోనే పెట్టుకున్నారు. పెరట్లో గది ఇచ్చారు. కిటికీ ఉంది అక్కా, కిటికీలోంచి చెట్టు కనిపిస్తుంది. "ర్యూక్యూ వాళ్ళకి గది ఇవ్వము" అని మన దీవి వాళ్ళ మీద పెట్టిన బోర్డులు చదువుకుంటూ తిరిగిన దాన్ని నేను.

ఇంకా వినవలసింది ఉంది. పోయిన తన దళం కోసం మన ఊరి పక్కన రాతి స్తంభం నిలబెట్టాలని పాత తోటివాళ్ళతో కలిసి మే నెలలో అక్కడికి వస్తున్నాడు. సెయిజున్ పడిన చోటు నీకు చూపిస్తానన్నాడు. నీ పేరు, ఇల్లు గుర్తులు అన్నీ రాసిచ్చాను. మంచి టీ పెట్టు. గౌరవంగా చూసుకో.

గోజే


ఉయెబరు
1961 ఫిబ్రవరి

గోజేకి,

సెయిజున్ పొడుగు కాదు. నా భుజం దాకా వచ్చేవాడు. సెయిజున్ ఎప్పుడు పరిగెత్తాడే? చెరకు గానుగ దగ్గర కాలు విరిగి వంకరగా అతుక్కున్న మనిషి. సైన్యం వాళ్ళు కూడా వద్దు పొమ్మన్న కాలు అది. ఆ కాలుతోనే నిన్ను చేసుకున్నాడు, నీకు తెలియదా?

ఆ మనిషిని ఇక్కడికి పంపకు.

నాబె


ఒసాకా, తైషో పేట
1961 మార్చి

పెద్దింటి కోడలు నాబె గారికి,

మీ ఉత్తరం అందింది. ఎంత పొదుపుగా రాశారో, తపాలా బిళ్ళకి పెట్టిన డబ్బు కూడా దండగే.

నాకు కోపం వచ్చింది, దాచను. పీఠం మీద పెద్దల పేర్లన్నీ నీ దగ్గరే. సమాధి తాళం నీ దగ్గరే. ఎవరి ఎముకలు ఎప్పుడు కడగాలో చెప్పేది నువ్వే. నాకు మిగిలింది ఒక్క మొగుడు, అదీ పోయినవాడు. ఆయన ఎక్కడ పడ్డాడో కూడా నీ అనుమతి లేకుండా నేను తెలుసుకోకూడదా? పొడుగో పొట్టో, పదహారేళ్ళ నాటి మనిషి గుర్తులు తప్పవా? నాకే సెయిజున్ గొంతు గుర్తు రాదు ఒక్కోరోజు.

వాళ్ళు యమాటో వాళ్ళని, అసలు జపాను వాళ్ళని నీకు మంట. తెలుసు. మీరక్కడ అమెరికా వాళ్ళ డాలర్లు లెక్కపెట్టుకుంటూ ఎంత మంటైనా పడవచ్చు. నేను వీళ్ళ మధ్య బతకాలి. నోబు ఇప్పుడు కళ్ళు తిరిగి పడిపోవడం లేదు. మధ్యాహ్నం కురియామా గారి భార్య వాడికి గుడ్డు వేసిన అన్నం పెడుతుంది. వాడికి పని నేర్పిస్తున్నాడు, పెద్దయ్యాక మేస్త్రీని చేస్తానన్నాడు. ఇంతకాలంలో మాకు ఇంత చేసిన మనిషి ఎవరు?

ఆయన మే నెలలో వస్తాడు. నువ్వు తలుపు వేసుకుంటే వాకిట్లో నిలబడి వెళ్ళిపోతాడు. అప్పుడు ఊళ్ళో పోయే పరువు నీదే.

గోజే


ఉయెబరు
1961 ఏప్రిల్

గోజేకి,

తిట్టావు. బాగానే తిట్టావు, పెళ్ళైన కొత్తలో నోట్లో నాలుక లేనట్టు ఉండేదానివి. అత్తమ్మ ఉంటే సంతోషించేది.

నిన్న షీమీ పండగ. అందరిలాగే నేనూ గిన్నెలు మోసుకెళ్ళి సమాధి ముందు చాప పరుచుకుని పెద్దలతో కలిసి తిన్నాను. ఒక్కదాన్నే కూర్చుని మాంసం ముక్క నములుతూ ఆలోచించాను. నీకు చెప్పక తప్పదనిపించింది. గది తలుపు వేసుకుని చదువు. నోబు దగ్గర లేనప్పుడు చదువు.

ఆ వానల్లో మేం ముగ్గురం సమాధిలోనే ఉన్నాం. అత్తమ్మ, సెయిజున్, నేను. ఎముకల కుండలు ఒక పక్కకి జరిపి, వాటి పక్కన పడుకునేవాళ్ళం. గుండ్లు ఎన్ని పడ్డా ఆ గోడలు కదల్లేదు. తాతలు కట్టిన కోట అనుకున్నాం. ఒక మధ్యాహ్నం సైనికులు వచ్చారు, మన దేశం సైనికులే. లోపలికి వచ్చిన ఆఫీసరు ఒక్కడే, మన సమాధిలో దిగిన ఆఫీసరు మరొకడు లేడు. మాట నెమ్మదే. "సైన్యానికి ఈ చోటు కావాలి, బయటికి నడవండి," అన్నాడు. బయట వాన, వానతో పాటు గుండ్లు.

అత్తమ్మకి యమాటో మాట ఒక్క ముక్క రాదని నీకు తెలుసు. ఆవిడ "ఏమంటున్నాడురా, టీ కావాలంటాడా?" అని అడిగింది. సెయిజున్ మన భాషలో, "కాదమ్మా, మనల్ని పొమ్మంటున్నారు, నీ చెప్పులు వేసుకో," అన్నాడు. అంతే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

ఆఫీసరు, "ఇప్పుడేం చెప్పావు?" అన్నాడు. సెయిజున్ వాళ్ళ భాషలో చెప్పాడు. "నిజంగా అదేనని నాకెలా తెలుస్తుంది? ఆ భాష మాట్లాడేవాడు గూఢచారి," అన్నాడు. మునుపే ఆజ్ఞ ఉందట. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. సెయిజున్ నా వైపు చూసి, "వదినా, అమ్మకి చెప్పులు," అన్నాడు. అది కూడా మన భాషలోనే అన్నాడు, వెర్రి నాగన్న.

మమ్మల్ని తుపాకీతో కొండ కిందికి తోలారు. వెనక్కి చూడనివ్వలేదు. ఓడల మోతలో తుపాకి పేలినా వినపడదు. అత్తమ్మ ఆ దారిలోనే పోయింది, చెరకు చేలో, నా ఒళ్ళోనే. మళ్ళీ నేను సమాధి దగ్గరికి చేరేసరికి యుద్ధం అయిపోయింది. సెయిజున్ లేడు, మట్టి మాత్రం అంతా ఒకేలా ఉంది.

నీకు చెప్పలేదు. చెప్పనందుకు నాకే బాధా లేదు. పసివాడితో వాళ్ళ మధ్యలో ఉన్నావు. ఈ సంగతి తెలిస్తే వీధిలో కనిపించిన ప్రతి మగవాడి ముఖంలోనూ ఆ ఆఫీసర్ని వెతికేదానివి. ఎలా బతికేదానివి?

ఇప్పుడు అసలు మాట విను. చోటు నాకు తెలియదు. నీకూ తెలియదు. ఆ రెక్కలు పట్టుకున్న కుర్రాళ్ళు ఉన్నారో పోయారో. ఈ లోకంలో సెయిజున్ ఎక్కడ పడ్డాడో తెలిసినవాడు నీ కురియామా గారు ఒక్కడే.

అందుకని పంపు. నేను మంచి టీయే పెడతాను. నువ్వు మాత్రం ఆయన ఓడెక్కే దాకా ముఖం మార్చకూడదు. నీ ముఖంలో ఏ కాస్త తేడా కనిపించినా ఆ మనిషి రాడు. రాకపోతే మన సెయిజున్ ఎన్నటికీ ఆ మట్టిలోనే ఉండిపోతాడు. నీ వల్ల అవుతుందా? కాకపోతే కాదని రాయి. నేనేమీ అనుకోను.

నాబె


ఒసాకా
1961 ఏప్రిల్

అక్కా,

అవుతుంది.

పొద్దున్నే ఆయనకి సూపు కాస్తున్నాను. చేప ముళ్ళు తీసి పెడుతున్నాను. నేనిక్కడ పెట్టుకున్న పేరుతో "ఫుమికో గారూ, ఇవాళ ఉప్పు సరిగ్గా కుదిరింది," అంటే వంగి దండం పెడుతున్నాను. నిన్న ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ మెడపట్టీ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయాను. మెడ అక్కడుంటుంది కదా అనుకున్నాను. తర్వాత ఇస్త్రీ పూర్తి చేశాను.

నోబుకి చెప్పలేదు. వాడు ఆయన్ని నాన్నలా చూస్తున్నాడు. గుడ్డు వేసిన అన్నం లొట్టలేసుకుంటూ తింటున్నాడు. నేను చూస్తూ కూర్చుంటున్నాను.

మే పదిన ఓడ. పంపిస్తున్నాను.

గోజే


ఉయెబరు
1961 మే

గోజేకి,

దొరికాడు. ముందు ఆ మాట రాసేస్తే నాకు స్థిమితంగా ఉంటుంది. సెయిజున్ దొరికాడు.

నలుగురు వచ్చారు, అందరూ తెల్ల టోపీల్లో. మన ఊరి పెద్ద గుషికెన్ ముందు నడుస్తూ, దారిలో గడ్డి పరక అడ్డొస్తే దాన్ని కూడా క్షమాపణ అడిగేటట్టున్నాడు. నేను టీ పెట్టాను, నల్లబెల్లం పెట్టాను, పంది మాంసం వండాను. తిన్నారు. నీ కురియామా గారు నన్ను గుర్తుపట్టలేదు. పక్కన కూర్చుని, "పెద్దమ్మా, మీ సమాధి మా ప్రాణాలు కాపాడింది," అన్నాడు. "మా వాళ్ళవి కూడా కాపాడేదే బాబూ, ఉండనిస్తే," అన్నాను. మన భాషలో అన్నాను. నవ్వి తల ఊపాడు.

సెయిజున్ పడిన చోటు చూపించమన్నాను. బావి దారిలో పెద్ద బండ దగ్గరికి తీసుకెళ్ళి ఇక్కడే అన్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నేను సరే అన్నాను. నా కళ్ళు ఆయన వేలి మీద లేవు, కాళ్ళ మీద ఉన్నాయి.

సమాధికి తూర్పున మొగలి పొదల మధ్య నుంచి బావికి అడ్డదారి ఉంది, నీకు గుర్తుందా? ఆయనకి మోకాళ్ళ నొప్పులు. మెట్టు దిగితే అబ్బా, ఎక్కితే అబ్బా. అయినా వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చుట్టు తిరిగే వెళ్ళాడు. గొడుగు మరిచిపోయాడని మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ చుట్టు తిరిగే. వాళ్ళలో ఒకాయన అడ్డదారిన పడబోతే ఈయన చొక్కా పట్టి లాగాడు. "అటు వద్దు, పాములుంటాయి," అన్నాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పాములు, నాకు తెలియకుండా ఆయనకి తెలుసన్నమాట.

వాళ్ళు వెళ్ళిన మర్నాడే పక్కింటి షింకిచిని తీసుకుని వెళ్ళాను. పొదలు కొట్టి, మనిషి పట్టేంత మేర తవ్వాం. మోకాలి లోతులోనే ఉన్నాడు. ఎడమ కాలి ఎముక వంకర. మణికట్టు ఎముకల చుట్టూ టెలిఫోను తీగ, సైన్యం వాళ్ళది, తుప్పు పట్టి ఉంది. తీగ తెగలేదు గోజే. షింకిచి అవతలికి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. నేను తీగ విప్పాను. విప్పడానికి చాలాసేపు పట్టింది.

సారా పోసి ఎముకలు కడిగాను. నీ చేతులతో కడగవలసినవి, అందుకని ఒక్కో ఎముకకీ నీ పేరు చెప్పి కడిగాను. కుండలో పెట్టి ఇంటికి తెచ్చాను, గొయ్యి మట్టితో కప్పేసి వచ్చాం. ఇంక ఆత్మని పిలవాలి.

పిలిచే చోటే తేల్చుకోలేకపోతున్నాను. స్తంభం జూన్‌లో నిలబెడతారట, పోయినవాళ్ళ పేర్లతో. అందాకా ఆ నలుగురూ పట్నంలోనే ఉంటారట. గౌరవమట, నీ కురియామా గారు సెయిజున్ పేరు కూడా చెక్కిస్తున్నాడు. "దళంతో కలిసి దేశం కోసం ప్రాణాలర్పించినవాడు" అని. గుషికెన్ పరిగెత్తుకుంటూ వచ్చి ఈ శుభవార్త చెప్పాడు. నాకు వాడి టోపీ లాగి పొయ్యిలో పడేయాలనిపించింది. నన్ను కూడా రమ్మన్నారు, కుటుంబం తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఏం చెప్పమంటావు? నోబు అన్నం ఆయన చేతిలో ఉంది. నువ్వు వద్దంటే పువ్వు పెట్టి వచ్చేస్తాను.

నాబె


ఒసాకా
1961 జూన్

అక్కా,

ఎముకలకి నా పేరు చెప్పినందుకు నీకు నేనేమీ ఇవ్వలేను.

అక్కడే పిలువు. అందరి ముందూ పిలువు. తనని ఎవరు ఏం చేశారో సెయిజున్‌కి చెప్పి మరీ పిలువు, లేకపోతే ఆ తీగ విప్పింది ఎవరో, కట్టింది ఎవరో ఆయనకి ఎలా తెలుస్తుంది? అమ్మకి చెప్పులు వేశావని చెప్పు.

నోబు అన్నం సంగతి నేను చూసుకుంటాను.

గోజే


ఉయెబరు
1961 జూన్

గోజేకి,

పిలిచాను.

తెల్ల గుడ్డ లాగారు, స్తంభం కనిపించింది. బౌద్ధ స్వామి ఒకరు మంత్రాలు చదివారు. కురియామా గారు ఉపన్యాసం చదివాడు. ప్రజలూ సైన్యమూ ఒక్కటై, అన్నాడు. ఊరివాళ్ళం వెనక వరసల్లో ఎండలో నిలబడ్డాం. తర్వాత నన్ను పిలిచారు.

నేను స్తంభానికి వీపు పెట్టి మొగలి పొదల వైపు తిరిగాను. మన భాషలో, అత్తమ్మ మాట్లాడినట్టే మాట్లాడాను.

"సెయిజున్, నీ వదినను. గోజే రాలేక నన్ను పంపింది. ఇంక లే. నువ్వు అమ్మకి చెప్పులు వేసుకోమని చెప్పినందుకు నిన్ను గూఢచారి అన్నారు. చేతులు కట్టి, ఆ పొదల్లో చంపారు. చంపించినవాడు ఇక్కడే ఉన్నాడు, నా ఎడమ చేతి వైపు రెండోవాడు, తెల్ల టోపీ. నీ పేరు వాళ్ళ పేర్ల మధ్య చెక్కారు, దాన్ని పట్టించుకోకు, అది నీది కాదు. అమ్మకి చెప్పులు వేశాను. తీగ విప్పాను. నీ కొడుకు బతికే ఉన్నాడు. ఇంటికి రా. రా నాయనా."

ఊరివాళ్ళు ఒక్కరూ కదల్లేదు. గుషికెన్ ముఖం ఉడికిన పీతలా అయింది. వెనక నుంచి ఎవరో ముసలమ్మ, "ఇంకొంచెం గట్టిగా చెప్పవే, నాకు చెవుడు," అంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా.

టోపీలవాళ్ళు టోపీలు తీసి తలలు వంచారు. అందరికంటే కిందికి వంగింది ఆయనే. ఏమీ అర్థం కాలేదు గోజే. కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "పెద్దమ్మా, మాట తెలియకపోయినా మీ ప్రార్థన నా గుండెకి తగిలింది," అన్నాడు. ఏమన్నదని గుషికెన్‌ని అడిగాడు. వాడు నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "అమరులందరికీ నమస్కారాలు చెప్పిందండీ," అన్నాడు.

నా చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ చెమట పోవడం లేదు.

రాళ్ళు మూడూ ఏరాను. ఎముకల కుండతో పాటు సమాధిలో పెట్టాను. సెయిజున్ ఇంటికి వచ్చాడు. నీకు ఇంతకంటే సంతోషమైన ఉత్తరం రాయలేను. ఇది సంతోషమేనా అని నన్ను అడగకు.

నాబె


క్యోబాషి సత్రం, ఒసాకా
1961 జులై

అక్కా,

చిరునామా మారింది చూశావు కదా. నోబు బాగానే ఉన్నాడు. ఓడరేవులో బస్తాలు మోస్తున్నాడు, కళ్ళు తిరగడం లేదు.

నీ ఉత్తరం ఆయనకంటే ముందే చేరింది. ఆయన మన దీవి నుంచి వచ్చిన మర్నాడు ఉదయం. భార్య పక్కనే ఉంది, కూరలు వడ్డిస్తున్నాను. నోబు కూడా అక్కడే కూర్చుని తింటున్నాడు. నాకు నల్లబెల్లం పొట్లం కానుకగా తెచ్చాడు. నీ గురించి చాలా గొప్పగా చెప్పాడు. "మీ తోడికోడలి ప్రార్థన చెవిలో మోగుతూనే ఉంది. మాటలు తెలిస్తే రాయించి దళం పుస్తకంలో వేయిద్దామని ఉంది. మీకు తెలిసే ఉంటుంది, ఆవిడ ఏమంది?" అన్నాడు.

నేను గరిటె కింద పెట్టాను. ఆయన భాషలోనే చెప్పాను. నువ్వు రాసింది రాసినట్టు, ఒక్క మాట మార్చకుండా, ఎడమ చేతి వైపు రెండోవాడు అన్న మాట కూడా. నోబు చేతిలో అన్నం తినే పుల్లలు అలాగే ఆగిపోయాయి. వాడికి అలా తెలిసింది అక్కా. నేను దాన్ని ఇంకోలా చెప్పలేకపోయాను.

ఆయన కాదనలేదు. కోప్పడలేదు. అబద్ధమనీ, ఆజ్ఞ అనీ అనలేదు. కాసేపు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు, లెక్క గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా. భార్య "ఏమండీ" అంది. అప్పుడు తలెత్తి నన్ను అడిగాడు. ఎంతో మర్యాదగా, తెలుసుకోవాలనే అడిగాడు.

"వాళ్ళలో మీ ఆయన ఎవరు?"

అక్కా, మీరు మనిషి పట్టేంత మేరే తవ్వామన్నారు. షింకిచిని తీసుకుని మళ్ళీ వెళ్ళు. ఇంకా తవ్వండి. ఊళ్ళో ఎవరి మనుషులు తిరిగి రాలేదో వాళ్ళందరినీ రమ్మను.

గోజే